తొంభై నిమిషాల వెనక

అమెరికా వ్యవసాయశాఖ వాళ్ళ ‘కంప్లీట్ గైడ్ టు హోమ్ క్యానింగ్’ని సాహిత్యం అనుకుని ఎవరూ చదవరు. నేను మాత్రం అలాగే చదివాను. అందులో పాత్రలు లేవు, జ్ఞాపకాలు లేవు. క్రియలన్నీ ఆజ్ఞలే: కడుగు, నింపు, గాలిబుడగలు తీసెయ్, సీసా అంచు తుడువు, మూత బిగించు. ఆ తర్వాత పట్టికలు. 1988లో మొదటిసారి వచ్చిన ఈ పుస్తకం కొన్ని కూర్పులు మారింది కానీ ఆ గొంతు మారలేదు.

కోడిమాంసం పట్టికలో ఉన్నది ఇంతే. ఎముకలు తీసిన మాంసం పైంటు సీసాలో అయితే 75 నిమిషాలు, క్వార్టు సీసాలో అయితే 90 నిమిషాలు. ఎముకలతో పెడితే 65, 75. మాంసం ఒలిచేసిన ఎముకల్ని ఉడికించి వడగట్టిన రసానికి పైంటుకి 20, క్వార్టుకి 25. (క్వార్టు అంటే లీటరుకి కాస్త తక్కువ, పైంటు అందులో సగం.) ఇదంతా ప్రెషర్ క్యానర్లో, పది పౌండ్ల వెయిటు కింద. సముద్రమట్టానికి వెయ్యి అడుగులు దాటిన ఊళ్ళో అయితే పదిహేను పౌండ్లు. టర్కీ కోడికీ ఇవే లెక్కలు.

నవంబరు నాలుగో గురువారం థాంక్స్ గివింగ్. ఆరేడు కిలోల టర్కీని ఓవెన్లో కాలుస్తారు, ఇంటిల్లిపాదీ తిన్నా సగం మిగిలిపోతుంది. అక్కడి మన తెలుగువాళ్ళిళ్ళలో మర్నాడు అది బిర్యానీ అవుతుంది. ఇప్పుడైతే మిగిలింది ఫ్రీజర్లోకి పోతుంది. కానీ 1930లు మొదలయ్యేనాటికి అమెరికా పల్లెల్లో పదిళ్ళలో తొమ్మిదింటికి కరెంటు లేదు. చలికాలం ముందు కోసిన కోడి వేసవిలో కూడా బల్ల మీదికి రావాలంటే ఉప్పు, పొగ కాకుండా మిగిలిన దారి గాజు సీసా. మాంసం ముక్కలు ఒక సీసాలో, ఎముకల రసం ఇంకో సీసాలో, నేలమాళిగ అరల్లో వరసగా.

మరి మాంసానికి 90, రసానికి 25 ఎందుకు? 90 కాకుండా 60 అయితే ఏమవుతుంది? గైడు ముందు పేజీల్లో సూక్ష్మజీవుల గురించి కొంత చెప్తుంది కానీ పట్టిక దగ్గరికొచ్చేసరికి మౌనం. ఆ అంకెలు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటాయి. నిజానికి వాటి వెనక దాదాపు 140 ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో ఒక మిఠాయి వ్యాపారి ఉన్నాడు, ఒక కవి ఉన్నాడు, ఒక ఊరి బ్యాండుమేళం ఉంది, విందుకెళ్ళి ఇళ్ళకి తిరిగిరానివాళ్ళు ఉన్నారు.

ఛాంపేన్ సీసాలో మాంసం

నికొలా అప్పేర్ పారిస్‌లో మిఠాయిల వ్యాపారి. పళ్ళని పంచదారలో, కూరల్ని ఉప్పులో, పులుపులో నిలవచెయ్యడం ఆ వృత్తిలో అందరికీ తెలిసిందే. ఆయన కోరిక వేరు. ఉప్పు రుచి, పులుపు రుచి, పొగ రుచి అంటకుండా, పదార్థం తన రుచితోనే నిలవుండాలి. మందపాటి ఛాంపేన్ సీసాల్లో, వెడల్పు మూతి సీసాల్లో ఆహారాన్ని నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్ళలో గంటల తరబడి ఉంచాడు. బఠానీలు, పాలు, మాంసం, మాంసపు రసం అన్నిటి మీదా ప్రయోగాలు చేశాడు. 1810లో ఫ్రెంచి ప్రభుత్వం 12,000 ఫ్రాంకులిచ్చింది. ఒకటే షరతు: పద్ధతిని పుస్తకంగా రాసి అందరికీ చెప్పాలి. ఆయన రాశాడు. ఇంటివాళ్ళు కూడా చేసుకోగలిగేలా రాశాడు. ఇవాళ్టి క్యానింగ్ పుస్తకాలన్నీ ఒకరకంగా దాని సంతానమే.

పద్ధతి పనిచేస్తుందని ఆయనకి తెలుసు, ఎందుకు పనిచేస్తుందో తెలియదు. ఆ కాలపు గొప్ప రసాయన శాస్త్రజ్ఞుడు గే-లుసాక్ పరీక్షించి, సీసాలో ఆక్సిజన్ లేకపోవడమే కారణమన్నాడు. గాలి చెడగొడుతుంది, గాలి తీసేస్తే చెడదు. వినడానికి ఎంత సబబుగా ఉంది! పాశ్చర్ వచ్చి సూక్ష్మజీవుల సంగతి తేల్చడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక ముడి ఉంది. గే-లుసాక్ మాట సగమే తప్పయితే ఎవరికీ పెద్ద నష్టం ఉండేది కాదు. కానీ గాలి లేకపోవడమే అన్నిటికన్నా ఇష్టమైన ఒక జీవి ఉంది. అప్పేర్ సీసా దానికి కట్టిన ఇల్లు.

గాలి ఆడని ఇల్లు

ఆ జీవి పనిని మొదట వివరంగా రాసినవాడు ఒక కవి. యుస్టినుస్ కెర్నర్, జర్మన్ రొమాంటిక్ కవుల్లో ఒకడు, వృత్తిరీత్యా వుర్టెంబెర్గ్ ప్రాంతంలో వైద్యుడు. అక్కడ సాసేజి తిని కొందరు విచిత్రంగా చనిపోతున్నారు. జ్వరం ఉండదు, తెలివి తప్పదు. కళ్ళకి రెండేసి బొమ్మలు కనిపిస్తాయి, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, గుటక పడదు, చివరికి ఊపిరి తీసుకునే కండరాలు ఆగిపోతాయి. 1822లో కెర్నర్ 155 కేసులతో పుస్తకం వేశాడు. ఆ విషాన్ని కొద్దిగా తన మీదే ప్రయోగించుకుని చూశాడు కూడా. లాటిన్‌లో సాసేజిని బొట్యులస్ అంటారు. ఆ జబ్బుకి బొట్యులిజం అనే పేరు అలా వచ్చింది.

1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే పల్లెలో ఒక అంత్యక్రియకి వాయించడానికి బ్యాండువాళ్ళు వచ్చారు. వాయించాక భోజనం చేశారు. అందులో నిలవ పంది తొడ మాంసం ఉంది. చాలామంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. గెంట్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఎమీల్ వాన్ ఎర్మెన్‌గెమ్ ఆ మాంసంలోనుంచీ, చనిపోయినవాళ్ళ శరీరాల్లోనుంచీ ఒకే బాక్టీరియాని వేరుచేసి 1897లో ప్రకటించాడు. ఇప్పుడు దాన్ని క్లాస్ట్రీడియం బొట్యులైనమ్ అంటున్నాం.

అది ఎక్కడో లేదు, మట్టిలోనే ఉంటుంది. పరిస్థితులు బాగోనప్పుడు విత్తనంలా ముడుచుకుని స్పోరుగా మారుతుంది. ఆ స్పోరు మరిగే నీటిలో కూడా గంటల తరబడి చావదు. గాలిలేని, పులుపులేని, తడిగా, వెచ్చగా ఉన్న చోటు దొరికితే మళ్ళీ మొలకెత్తి విషం తయారుచేస్తుంది. సరిగ్గా మరగబెట్టి గట్టిగా మూతపెట్టిన టర్కీ రసం సీసాని ఒకసారి ఊహించండి. మరగబెట్టడంతో పోటీకొచ్చే మిగతా సూక్ష్మజీవులన్నీ చచ్చాయి. మూతతో గాలి పోయింది. మాంసంలో పులుపు లేదు. ఈ స్పోరుకి ఇంతకంటే అనుకూలమైన చోటు ప్రకృతిలో వెతికినా దొరకడం కష్టం.

పదార్థం కుళ్ళితే వాసన వస్తుంది, మనం పారబోస్తాం. అది మన ముక్కుకీ ప్రకృతికీ మధ్య పాత ఒప్పందం. ఈ జీవి ఆ ఒప్పందానికి ప్రతిసారీ కట్టుబడి ఉండదు. మూత ఉబ్బకపోవచ్చు, వాసన రాకపోవచ్చు. ఉప్పు సరిపోయిందో లేదో అని చెంచాతో రుచి చూసిన మనిషికి ఆ చెంచా చాలు. ప్రతి ఇంట్లో ఆ రుచి చూసేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

సీసా ఇంటికొచ్చింది

1858 నవంబరు 30న జాన్ లాండిస్ మేసన్ అనే న్యూయార్క్ రేకుపనివాడు మరమూతి ఉన్న గాజు సీసాకి పేటెంటు తీసుకున్నాడు. బిరడా, లక్క, మైనం తంటాలు పోయాయి. మూత తిప్పితే బిగుస్తుంది, మళ్ళీ తిప్పితే వస్తుంది, సీసా ఏళ్ళ తరబడి పనికొస్తుంది. పేటెంటు గడువు తీరాక ఇండియానాలోని మన్సీలో బాల్ సోదరులు ఆ సీసాల మీద పెద్ద కర్మాగారమే కట్టారు. అమెరికాలో ఆ సీసాని ఇప్పటికీ మేసన్ జార్ అనే అంటారు. మేసన్ మాత్రం 1902లో పేదవాడిగానే పోయాడు. అప్పేరూ అంతే. తిండిని నిలబెట్టే విద్య కనిపెట్టినవాళ్ళిద్దరికీ డబ్బు నిలవలేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో క్యానింగ్ ఒక ఉద్యమం అయింది. 1910లో దక్షిణ కరోలినాలోని ఐకెన్ కౌంటీలో మేరీ క్రోమర్ అనే టీచరు ఆడపిల్లలతో టమాటా క్లబ్బు పెట్టింది. తలా పది సెంట్ల నేలలో టమాటాలు పండించి, డబ్బాల్లో నిలవచేసి అమ్ముకోవడం. చేతిలో తమ సొంత డబ్బు ఆడపిందెన్నడూ చూడని పల్లెటూరి పిల్లలకి అది మామూలు విషయం కాదు. పక్క రాష్ట్రాలు అందుకున్నాయి. 1914లో స్మిత్-లీవర్ చట్టంతో ప్రభుత్వం ఊరూరా హోమ్ డెమాన్‌స్ట్రేషన్ ఏజెంట్లని పెట్టింది. దక్షిణాదిన నల్లజాతి కుటుంబాల కోసం నల్లజాతి ఏజెంట్లు విడిగా పనిచేశారు. మొదటి ప్రపంచయుద్ధం రాగానే సీసా నింపడం దేశభక్తి అయింది.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించాలి. పాఠం మొదలైంది టమాటాతో. టమాటాలో పులుపుంది. పులుపున్న చోట బొట్యులైనమ్ మొలకెత్తదు కాబట్టి మరిగే నీళ్ళే సరిపోతాయి. ఆ ధైర్యం చిక్కుళ్ళకీ, మొక్కజొన్నకీ, కోడికీ పాకింది. 1917లో వ్యవసాయశాఖే ప్రచురించిన 839వ నంబరు రైతు బులెటిన్‌లో, పచ్చి పదార్థాన్ని సీసాలో నింపి ఒకే దఫాలో మరిగించే ‘కోల్డ్ ప్యాక్’ పద్ధతి ఉంది. పులుపు లేని కూరలకి గంటల లెక్కన మరిగించమంది. అంటే తర్వాతి రోజుల్లో ‘పాత పద్ధతి’, ‘అమ్మమ్మల పద్ధతి’ అని తీసిపారేసినది ఏ అమ్మమ్మో గాల్లోంచి పుట్టించింది కాదు. ఒకప్పుడు ప్రభుత్వం అచ్చువేసి పంచిపెట్టినదే.

ఆలివ్ కాయలు, 330 నిమిషాలు

కర్మాగారాలకి ఈ సమస్య ముందే ఎదురైంది. 1895లో విలియం అండర్‌వుడ్ అనే క్యానింగ్ వ్యాపారి ఉబ్బిపోతున్న ఆల్చిప్పల మాంసం డబ్బాలు పట్టుకుని ఎంఐటీకి వెళ్ళాడు. శామ్యూల్ ప్రెస్కాట్ అనే కుర్ర శాస్త్రజ్ఞుడితో కలిసి, మరిగే నీటికి లొంగని స్పోర్లు లోపల బతికి ఉన్నాయని తేల్చాడు. మందు కూడా దొరికింది: ఆవిరిని ఒత్తిడిలో పెట్టి, వంద డిగ్రీలు దాటించడం. ఒత్తిడి పాత్ర కొత్తది కాదు. ఎముకలు మెత్తబడే దాకా ఉడికించడానికి దెనీ పాపాన్ 1679లోనే లండన్‌లో దాన్ని చేసి చూపించాడు. మన ప్రెషర్ కుక్కర్‌కి తాత అదే. కర్మాగారాల కోసం 1874లో బాల్టిమోర్‌లో ష్రైవర్ అనే ఆయన పెద్ద ఒత్తిడి పాత్రకి పేటెంటు తీసుకున్నాడు.

కానీ ఎంత వేడి? ఎంతసేపు? అది ఎవరికీ కచ్చితంగా తెలియదు. 1919లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ ఊళ్ళో ఒక విందులో కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఆలివ్ కాయలు వడ్డించారు. గాజు సీసాల్లో నిలవచేసినవి. ఏడుగురు చనిపోయారు. అలాంటివే ఇంకొన్ని ఊళ్ళలో జరిగాయి. పత్రికలన్నీ రాశాయి, జనం ఆలివ్‌లు కొనడం మానేశారు. కాలిఫోర్నియాలో పరిశ్రమ, ప్రభుత్వం, విశ్వవిద్యాలయం కలిసి పరిశోధన మొదలుపెట్టాయి. దానికి ముఖ్యుడు కార్ల్ ఫ్రీడ్రిక్ మేయర్, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన శాస్త్రజ్ఞుడు.

1922లో ఎస్టీ, మేయర్ కలిసి ఒక పత్రం ప్రచురించారు. బొట్యులైనమ్ రకాలు 109 తీసుకుని, కోట్లకొద్దీ స్పోర్లని రకరకాల వేడిలో పెట్టి, ఎంతసేపటికి చస్తాయో కొలిచారు. 100 డిగ్రీల దగ్గర 330 నిమిషాలు. అయిదున్నర గంటలు! 110 డిగ్రీల దగ్గర అరగంట పైచిలుకు. 120 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు. పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ కాలం దాదాపు పదోవంతుకి పడిపోతోంది.

నాకు ఈ పత్రంలో నచ్చేది దాని నిరాడంబరత. ‘జాగ్రత్తగా ఉండండి’, ‘శుభ్రంగా ఉండండి’ అనే మాటల స్థానంలో ఒక గీత వచ్చింది. శుభ్రత మంచిదే, కానీ ఎంత శుభ్రంగా కడిగినా మట్టిలోంచి వచ్చిన స్పోరు ఒక్కటి మిగలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. గృహిణి శుచీ శుభ్రమూ కాదు, తేల్చేది ఉష్ణోగ్రత. 1925లో కాలిఫోర్నియా చట్టం చేసి కర్మాగారాల మీద ఇన్‌స్పెక్టర్లని పెట్టింది. డబ్బా తిండికి భరోసా దొరికింది.

వంటింటికి ఇన్‌స్పెక్టరు లేడు

అంకె దొరికింది 1922లో. 1924 ఫిబ్రవరిలో ఒరెగాన్ రాష్ట్రంలోని ఆల్బనీలో ఒక కుటుంబ విందులో ఇంట్లో నిలవచేసిన చిక్కుళ్ళు తిని 12 మంది చనిపోయారు. 1931 జనవరిలో ఉత్తర డకోటాలోని గ్రాఫ్టన్ దగ్గర ఒక రైతు ఇంట్లో రాత్రి విందు. ఇంటి బఠానీలతో సలాడ్. 13 మంది చనిపోయారు. పరిశోధనాలయంలో తొమ్మిదేళ్ళుగా ఉన్న నిజం ఆ ఇంటి పొయ్యి దాకా రాలేదు.

ఎందుకు రాలేదు అనేది నన్ను చాలా రోజులు వెంటాడిన ప్రశ్న. ఒక కారణం డబ్బు. ప్రెషర్ క్యానర్ ఖరీదైన వస్తువు. ఆర్థికమాంద్యంలో పంట అమ్ముడుపోని రైతు ఇంట్లో మరిగే నీళ్ళ కుండ ఉంటుంది, ప్రెషర్ క్యానర్ ఉండదు. రెండో కారణం కాగితం. పాత బులెటిన్లు వంటింటి సొరుగుల్లో భద్రంగా ఉన్నాయి. ప్రభుత్వం 1920ల్లో మాట మార్చుకుని పులుపులేని పదార్థాలకి ప్రెషరే దారి అని చెప్తూ వచ్చింది, కానీ కొత్త కాగితం అచ్చవగానే పాత కాగితం మాయం కాదు కదా. మూడో కారణం అన్నిటికన్నా గట్టిది. మరిగే నీళ్ళ పద్ధతి చాలాసార్లు పనిచేస్తుంది. ప్రతి సీసాలోకీ స్పోరు వెళ్ళదు, వెళ్ళిన ప్రతిదీ మొలకెత్తదు. ఇరవై ఏళ్ళు చేసినామెకి ఇరవై ఏళ్ళ రుజువు ఉంటుంది.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. డబ్బా తిండికి రేషను, మాంసానికి రేషను. కోడికీ టర్కీకీ మాత్రం లేదు, పెరట్లో పెంచుకోవచ్చు. 1943లో అమెరికా ఇళ్ళలో 400 కోట్లకు పైగా సీసాలు, డబ్బాలు నింపారని లెక్క. సరిగ్గా అప్పుడే అల్యూమినియం విమానాలకి పోయి ప్రెషర్ క్యానర్లు దొరక్కుండా పోయాయి. ఒకదాన్ని నాలుగిళ్ళవాళ్ళు వంతులేసుకుని వాడారు. ఊరుమ్మడి క్యానింగ్ కేంద్రాలు వెలిశాయి. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముచ్చటైన దృశ్యం అదే: గేజి ముందు నలుగురు ఆడవాళ్ళు, ఒకరి సీసాలు ఉడుకుతుంటే ఇంకొకరు గడియారం చూస్తూ. అంకె మీద నమ్మకం ఉపన్యాసం విని కాదు, ఇలా పక్కన నిలబడి చూస్తే కుదురుతుంది.

మాంసానికి తొంభై, రసానికి పాతిక

120 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలే అయితే పట్టికలో 90 ఎందుకుంది? ఈ ప్రశ్నకి జవాబు 1946లో వ్యవసాయశాఖ ప్రచురించిన 930వ నంబరు టెక్నికల్ బులెటిన్‌లో ఉంది. ఇవాళ్టి పట్టికలకి పునాది వేసిన పని అది.

వాళ్ళు చేసింది సీసా లోపల ఉష్ణోగ్రత కొలవడం. బయట ఆవిరి ఎంత వేడిగా ఉన్నా, సీసాలో అన్నిటికన్నా ఆలస్యంగా వేడెక్కే చోటు ఒకటుంటుంది. లోపల ఎక్కడో మధ్యలో. లెక్క అక్కడ తేలాలి. రసం పల్చటి ద్రవం. అడుగున వేడెక్కింది పైకొస్తుంది, పైది కిందికి దిగుతుంది, తనని తాను కలుపుకుంటుంది. అందుకే ఇరవై, పాతిక నిమిషాల్లో మధ్యదాకా వేడి చేరుతుంది. మాంసం ముక్కలు కదలవు. వేడి ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి పాకుతూ పోవాలి. అందుకే 75, 90. ఎముకలుంటే ముక్కలు దట్టంగా కూరుకోవు, సందుల్లో ద్రవం తిరుగుతుంది, కాబట్టి కాస్త తక్కువ. పెద్ద సీసాకి ఎక్కువసేపు ఎందుకో ఇప్పుడు చెప్పకుండానే తెలుస్తుంది. ఇంటి క్యానర్లో పది పౌండ్ల దగ్గర వేడి 115 డిగ్రీలకి కాస్త పైన ఆగుతుంది, కర్మాగారంలో 121 దాకా వెళ్తుంది. ఆ తేడాని కూడా నిమిషాలే పూడ్చాలి.

గైడులోని వింత నిషేధాలు కూడా ఇక్కడే అర్థమవుతాయి. రసంలో పిండి కలిపి చిక్కబరచొద్దు, నూడుల్స్ వెయ్యొద్దు, అన్నం వెయ్యొద్దు. రుచి గురించి కాదు ఆ మాటలు. చిక్కబడితే రసం తిరగడం మానేస్తుంది. పాతిక నిమిషాల రసం కాస్తా లెక్క తెలియని ఇంకేదో పదార్థం అయిపోతుంది. ఆవిరి వచ్చాక వెయిటు పెట్టేముందు పది నిమిషాలు ఊరికే వదలమనేది కూడా ఇలాంటిదే. లోపల గాలి మిగిలితే గేజి పది పౌండ్లే చూపిస్తుంది, వేడి మాత్రం తక్కువుంటుంది. గేజి అబద్ధం చెప్పదు, అది చెప్పేది ఒత్తిడి గురించి. కావలసింది వేడి.

‘మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు’

ఈ వాక్యం క్యానింగ్ చరిత్ర పొడుగునా వినిపిస్తుంది. నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను కాబట్టి దీని ఇంకో రూపం రోజూ వింటాను: ‘నా మెషీన్ మీద బానే నడుస్తోంది.’ రెండిట్లోనూ అబద్ధం లేదు. చెప్పినవాళ్ళు చూసింది అదే. కానీ ఏమీ కానివాళ్ళే ఆ వాక్యం అనగలరు. గ్రాఫ్టన్‌లో ఆ బల్ల దగ్గర కూచున్న 13 మంది అనలేరు.

2015 ఏప్రిల్‌లో ఒహాయోలోని లాంకాస్టర్‌లో ఒక చర్చి విందు జరిగింది. ఎవరింటి నుంచి వాళ్ళు వండి తెచ్చుకున్న భోజనం. ఇంట్లో సీసాల్లో నిలవచేసిన బంగాళాదుంపలతో ఒకరు సలాడ్ చేశారు. దుంపల్ని ప్రెషర్‌లో కాక మరిగే నీళ్ళలో పెట్టారు. 29 మందికి బొట్యులిజం వచ్చింది, ఒకరు చనిపోయారు. ఇప్పుడు విరుగుడు మందూ, వెంటిలేటరూ ఉన్నాయి కాబట్టి ఒక్కరితో ఆగింది. గైడు అప్పటికి 27 ఏళ్ళుగా అందుబాటులో ఉంది.

ఇది చదివి జనాన్ని తిట్టుకోవడం తేలిక. నాకు మాత్రం గైడు వైపు కూడా వేలు చూపించాలనిపిస్తుంది. అమ్మమ్మ చెప్పే పద్ధతికి ఒక కథ ఉంటుంది. ఫలానా ఏడు మంచు ఎంత పడిందో, ఆ చలికాలమంతా ఏ సీసాలు ఆదుకున్నాయో, ఎవరు ఎక్కువ తిన్నారో. గైడు చెప్పే పద్ధతికి అంకె తప్ప కథ లేదు. ఎల్లెజెల్ బ్యాండువాళ్ళనీ, కెర్నర్‌నీ, ఆల్బనీనీ, గ్రాఫ్టన్‌నీ అన్నిటినీ కరిగించి వడగట్టి 90 అనే అంకె చేశారు. వడగట్టాక మనుషులు జల్లెడలో మిగిలిపోయారు. కథ ఉన్న తప్పుకీ కథ లేని ఒప్పుకీ పోటీ పెడితే వంటింట్లో ఏది గెలుస్తుంది?

మనకీ ఈ ప్రశ్న దూరం కాదు. ఆవకాయ విషయంలో అమ్మమ్మ చెయ్యి తప్పదు. అక్కడ ఉప్పూ పులుపూ కాపలా కాస్తాయి. పీహెచ్ 4.6 కంటే కింద బొట్యులైనమ్ మొలకెత్తదు. ఉప్పు కాస్త అటూ ఇటూ అయితే బూజు రూపంలో ఊరగాయే మనకి చెప్పేస్తుంది. అక్కడ కన్నూ ముక్కూ నాలుకా నమ్మదగిన పనిముట్లు. మాంసం రసం సీసాలో పులుపు లేదు, కాపలాగా ఉన్నది వేడి ఒక్కటే, ఆ వేడి సరిపోయిందో లేదో ఏ ఇంద్రియానికీ తెలియదు. ఒక వంటలో పండిన అనుభవం ఇంకో వంటలోకి వచ్చేసరికి చెల్లకపోవచ్చు అనేది ఒప్పుకోవడం కష్టమే. అనుభవం ఎంత గొప్పదైతే అంత కష్టం.

మన కొలత ‘మూడు విజిల్స్’. కందిపప్పుకి అది చాలు, పప్పు ఉడికిందో లేదో మూత తీస్తే కనిపిస్తుంది కాబట్టి. మన కుక్కరూ 120 డిగ్రీల దాకా వెళ్తుంది కానీ దాన్ని క్యానర్‌గా వాడొద్దని గైడు అంటుంది. పట్టికలోని నిమిషాలు పెద్ద క్యానర్ నెమ్మదిగా వేడెక్కడాన్నీ, నెమ్మదిగా చల్లారడాన్నీ లెక్కలోకి తీసుకుని కట్టినవి. చిన్న కుక్కర్ త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, ఆ మిగతా వేడి లెక్కలో తగ్గిపోతుంది. ఎత్తు సంగతీ అంతే. అదే టర్కీ సీసాకి విశాఖపట్నంలో పది పౌండ్ల వెయిటు సరిపోతుంది. దాదాపు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాదులో పదిహేను పెట్టాలి. ఒకే దేశం, ఒకే పక్షి, ఒకే సీసా అయినా గాలి బరువు మారితే అంకె మారుతుంది.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు అమెరికాలో మేసన్ జార్లూ మూతలూ దొరకలేదు. ఇంటిపట్టున ఉన్న కొత్త తరం మళ్ళీ సీసాలు నింపడం మొదలుపెట్టింది. వాళ్ళలో చాలామందికి పక్కన నిలబడి గేజి చూసే నలుగురు లేరు. చేతిలో ఉన్నది ఆ గైడే. దాని తర్వాతి కూర్పు వేసేవాళ్ళకి నాదొక మనవి. అంకెలు అలాగే ఉంచండి. కోడిమాంసం పట్టిక కింద, చిన్న అక్షరాల్లో అయినా సరే, ఒక్క పంక్తి చేర్చండి: గ్రాఫ్టన్, 1931 జనవరి, ఇంటి బఠానీలు, 13 మంది.